అక్కడ అడగని ప్రశ్న, ఇక్కడ మన ఒంటి మీద దెబ్బ

(రాజ్యాంగ దినం సందర్భంగా మండల కేంద్రంలోని అంబేద్కర్ భవనంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)



నేను ప్లీడర్ని కాదు. లెక్కలు చెప్పుకునే బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. కొత్త క్రిమినల్ చట్టాల మీద మాట్లాడమంటే, నాకంటే చదువుకున్నవాళ్లున్నారు గదా అన్నాను. "చదువుకున్నవాళ్లు సెక్షన్లు చెబుతారు, నువ్వు సంగతి చెప్పు" అన్నారు నిర్వాహకులు. సంగతే చెబుతా. సెక్షన్లు తగిలినచోట అవీ చెబుతా. పంతుల్ని గదా, లెక్క చూపించకుండా జవాబు రాస్తే నేనే మార్కులు తీసేస్తా.

ముందు మా నాయన సంగతి. 1989లో నేను అయిదో తరగతి. మా నాయన ఒక కామందు దగ్గర పాలేరు. ఒకరోజు చేలో ఆయిలింజను పోయింది. చెరువు కింద మోతుబరులు పదిమంది ఉన్నా, రాత్రి తిరిగినవాళ్లు ఇంకెందరున్నా, పోలీసులొచ్చింది మాత్రం పల్లెకే. మా నాయన్ని తీసుకుపోయారు. మూడు రోజులు టేషన్లో ఉంచారు. కాయితం లేదు, కేసు లేదు. మా అమ్మ అన్నం క్యారేజీతో గేటు ముందు కూర్చునేది. నాలుగో రోజు కోర్టుకని చేతులకు బేడీలేసి బస్టాండుకి తెచ్చారు. బడి వదిలి నేను అటే వస్తున్నా. నన్ను చూశాడు. భుజం మీది తుండుగుడ్డని ఎట్లాగో చేతుల మీదికి జార్చుకున్నాడు. కొడుకు బేడీలు చూడకూడదని. రెండేళ్లు తిరిగాక కేసు కొట్టేశారు. ఆ తుండుగుడ్డ మాత్రం నా కళ్లలోంచి పోలేదు.

పెద్దయ్యాక నాకు తెలిసిందేమిటంటే, ఆ రోజు మా నాయన చేతులకు బేడీలెయ్యకూడదు. 1980లోనే ప్రేంశంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: బేడీలు మామూలు పద్ధతి కాకూడదు, తప్పించుకుపోతాడనే గట్టి కారణం ఉండాలి, ఆ కారణం రాసిపెట్టాలి అని. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం 1950 నుంచే చెబుతోంది. చట్టం ఉంది. మా నాయన దాకా రాలేదు.

ఆ 22వ అధికరణం ఎట్లా పుట్టిందో ఈ రోజున గుర్తు చేసుకోవాలి. ముసాయిదాలో ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిన అధికరణం నుంచి ఒక ముఖ్యమైన రక్షణని తీసేశారు. సభలో చాలామంది నిలదీశారు. 1949 సెప్టెంబర్ 15న బాబాసాహెబే లేచి, ఆ లోటు కొంతయినా పూడ్చాలని 15-ఎ అనే కొత్త అధికరణం పెట్టారు. అదే ఇప్పటి 22. దాని మీదా వాదించుకున్నారు. ఆ రాజ్యాంగానికి 7,635 సవరణలు నోటీసుగా వస్తే 2,473 సభలో చర్చకొచ్చాయి. దాదాపు మూడేళ్లు పట్టింది. రాసినాయన బాబాసాహెబ్ అయినా సరే, అడిగేవాళ్లు అడిగారు, ఆయన జవాబు చెప్పాడు, అవసరమైనచోట మార్చాడు. 24 గంటల మాట ఎవరి దయవల్లా రాలేదు. అడిగితే వచ్చింది.

ఇక మన కాలానికి వద్దాం. ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం – ఈ మూడింటినీ తీసేసి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అని పెట్టారు. 2024 జూలై 1 నుంచి అవే అమలు. ఇవి ఎట్లా తయారయ్యాయో వరసగా చూడండి.

2020 మేలో, లాక్‌డౌన్లో, మనవాళ్లు ముంబై నుంచీ చెన్నై నుంచీ కాళ్లీడ్చుకుంటూ నడిచొస్తున్న రోజుల్లో, కేంద్ర హోంశాఖ ఒక నిపుణుల కమిటీ వేసింది. అందులో ఒక్క మహిళ కూడా లేదని ప్లీడర్లు, మాజీ జడ్జీలు ఉత్తరాలు రాశారు. ప్రజల అభిప్రాయం అడిగిందీ కంప్యూటర్లో, ఇంగ్లీషులో. పేర్లు హిందీలో, ప్రశ్నలు ఇంగ్లీషులో, దెబ్బలు తెలుగులో! ఆ కమిటీ నివేదిక జనం ముందు పెట్టలేదు.

2023 ఆగస్టు 11న మూడు బిల్లులూ లోక్‌సభలోకొచ్చాయి. హోంశాఖ స్థాయీ సంఘానికి పంపారు. స్థాయీ సంఘమంటే తెలియనివాళ్ల కోసం చెబుతా. 31 మంది ఎంపీలు – లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10 – అన్ని పార్టీలవాళ్లూ కూర్చుని బిల్లుని వాక్యం వాక్యం చదవాలి. తెలిసినవాళ్లని పిలిచి అడగాలి. సభలో కెమెరా ముందు అరుపులుంటాయి, ఇక్కడ చదువు ఉంటుంది. 1993లో మొదలైన పద్ధతి ఇది. 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు ఇట్లా సంఘాలకి వెళ్లాయి. 17వ లోక్‌సభకొచ్చేసరికి నూటికి 16. ఈ లెక్క బడిపిల్లాడికిచ్చినా, చదువు తగ్గిందని చెబుతాడు.

ఈ మూడూ సంఘానికి వెళ్లడం మంచిదే. కానీ మూడు పెద్ద పుస్తకాలకు మూడు నెలలు గడువిచ్చారు. సంఘంలోని ప్రతిపక్ష సభ్యులు అసమ్మతి పత్రాలు రాశారు. నవంబర్లో నివేదికలొచ్చాయి. డిసెంబర్ 12న పాత బిల్లులు వెనక్కి తీసుకుని కొత్తవి పెట్టారు. మర్నాడు, 13న, ఇద్దరు కుర్రాళ్లు లోక్‌సభలోకి దూకారు. దాని మీద హోంమంత్రి ప్రకటన చెయ్యాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. అడిగినవాళ్లని అడిగినట్టు సస్పెండ్ చేశారు. డిసెంబర్ 20న లోక్‌సభ పాస్ చేసింది. 21న రాజ్యసభ. 25న రాష్ట్రపతి సంతకం. 21 నాటికి సస్పెండైన ఎంపీలు రెండు సభల్లో కలిపి 146 మంది. క్లాసులో సగం మందిని గెంటేసి, మిగిలినవాళ్లతో "అర్థమైందా?" అంటే "అయింది సార్" అనే వస్తుంది. మాకు బాగా తెలుసు ఆ పాఠం.

ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అని తూకం వెయ్యడానికి నేను రాలేదు. టాడా 1985లో తెచ్చింది ఒక పార్టీ, పోటా 2002లో తెచ్చింది ఇంకో పార్టీ. పోటాని రాజ్యసభ ఓడిస్తే, 2002 మార్చి 26న రెండు సభల్నీ కలిపి కూర్చోబెట్టి పాస్ చేయించారు. పోలీసుకి అధికారం ఇవ్వడంలో పాలకులందరిదీ ఒకే తొందర. నేను చెప్పేది వేరు. ఆ స్థాయీ సంఘం చదివింది గదా, చదివితే ఎవరికి మేలు జరిగింది? ఇది చూడండి, కళ్లు తెరుచుకుంటాయి.

బేడీల సంగతే తీసుకుందాం. ఎవరికి బేడీలెయ్యొచ్చో కొత్త చట్టం 43వ సెక్షన్లో ఒక జాబితా ఉంది. మొదటి బిల్లు జాబితాలో హంతకులు, ఉగ్రవాదులతోపాటు ఆర్థిక నేరాలు చేసినవాళ్లూ ఉన్నారు. స్థాయీ సంఘం చదివి, ఆర్థిక నేరాల్ని ఈ జాబితాలో పెట్టకూడదంది. ప్రభుత్వం ఒప్పుకుంది, తీసేసింది. బ్యాంకుకి వందల కోట్లు ఎగ్గొట్టినాయనకి బేడీలుండవు. సరే, ఎవరికీ బేడీలు వద్దంటాన్నేను. కానీ అదే జాబితాలో ఇంకో మాట ఉంది: అలవాటు పడిన నేరస్తుడు, పదే పదే నేరం చేసినవాడు అని. ఆ మాట అట్లాగే ఉంది. పైగా మొదటి బిల్లులో అరెస్టప్పుడు మాత్రమే అన్న బేడీల్ని, రెండో బిల్లులో కోర్టుకి తీసుకెళ్లేటప్పుడు కూడా అని పొడిగించారు. బస్టాండులో మా నాయన సంగతి అదే గదా!

అలవాటు నేరస్తుడంటే ఎవరు? ఆ మాట పుట్టుక మన పక్కనే ఉంది. బాపట్ల జిల్లా స్టూవర్టుపురం వెళ్లి అడగండి. 1871 నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా తెచ్చి, ఎరుకల కులంలో పుట్టడమే నేరమన్నారు. కుటుంబాల్ని తెచ్చి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి సెటిల్మెంటులో పెట్టారు. హాజరు వెయ్యకుండా ఊరు దాటకూడదు. 1952లో ఆ చట్టం పోయింది. కానీ దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్తుల చట్టాలు పెట్టుకున్నాయి. పేరు మారింది, మనుషులు మారలేదు. 2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని పంచడం రాజ్యాంగ విరుద్ధమంది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. జైలు గోడ లోపల కులం ఉందని 2024లో కోర్టు చెప్పాల్సొచ్చింది. 2023లో మూడు నెలలు చదివినవాళ్లకి ఈ మాట మీద చూపు ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? అక్కడ మనవాళ్లు లేరనా? ఆ సంఘం అధ్యక్షుడు బ్రిజ్‌లాల్. ఉత్తరప్రదేశ్ మాజీ డీజీపీ. ఆ రాష్ట్ర ఎస్సీ ఎస్టీ కమిషన్‌కి కూడా అధ్యక్షుడుగా చేసినాయన. కాబట్టి, అన్నా, కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది ఒక్కటే సరిపోదు. ఆ కుర్చీ ముందుకి మన కాయితం వెళ్లిందా? ఆర్థిక నేరాల వాళ్ల తరఫున చెప్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. తుండుగుడ్డ కింద చేతులు దాచుకున్నవాడి తరఫున ఎవరు చెప్పారు?

ఇంకోటి. సమాజ సేవ అని ఒక కొత్త శిక్ష పెట్టారు. చిన్న నేరాలకి జైలు బదులు. మంచి ఆలోచనే. మొదటి బిల్లులో దానికి అర్థం రాయలేదు. స్థాయీ సంఘం అర్థం రాయమంది. రాశారు: సమాజానికి మేలు చేసే పని, కోర్టు చెప్పినట్టు, కూలి లేకుండా. కూలి లేకుండా! ఆ మాట వినగానే మా పల్లెలో ముసలాళ్లు ఏమంటారో తెలుసా? "వెట్టి" అంటారు. రేపు ఒక మాదిగ కుర్రాడికి ఈ శిక్ష పడితే ఏ పని ఇస్తారు? గ్రంథాలయంలో పుస్తకాలు సర్దమంటారా, మరుగుదొడ్లు కడగమంటారా? కులాన్ని బట్టి పని ఇవ్వకూడదని ఆ సెక్షన్లో ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం అడిగేవాడు లేకపోయాడు.

చదివితే మేలు జరగదని నేను అనడంలేదు. గుంపుగా వచ్చి కులం పేరుతో, మతం పేరుతో చంపితే 103వ సెక్షన్ రెండో భాగం ఉంది. అయిదుగురు, అంతకంటే ఎక్కువమంది కలిసి చంపితే అందరికీ ఉరి, లేదా యావజ్జీవం. మొదటి బిల్లులో ఏడేళ్లకి తక్కువ కాకుండా అనే మెట్టు కూడా ఉంది. మామూలు హత్యకి యావజ్జీవం, గుంపు హత్యకి ఏడేళ్లా? సంఘం నుంచి తిరిగొచ్చాక ఆ ఏడేళ్ల మాట పోయింది. 1985 జూలై 17న కారంచేడు చూసినవాళ్లకి, 1991 ఆగస్టు 6న చుండూరు చూసినవాళ్లకి ఆ మాట విలువ తెలుసు. చదివితే ఇది జరుగుతుంది. అందుకే చదవమంటున్నాం.

ఇప్పుడు టేషన్ గుమ్మం దగ్గరికి వద్దాం. పాత చట్టంలో పోలీసు కస్టడీ అంటే అరెస్టయిన మొదటి 15 రోజుల్లోనే. ఆ తర్వాత జైలుకే గానీ మళ్లీ పోలీసు చేతికి లేదు. కొత్త చట్టం 187వ సెక్షన్లో రోజులు 15 మాత్రమే. కానీ వాటిని ముక్కలు చేసి, నేరాన్ని బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా తీసుకోవచ్చు. లెక్క ప్రకారం 15కి 15 సమానమే. కానీ లాకప్‌లో దెబ్బలు తిని, జైలుకెళ్లి, వొళ్లు కాస్త మానిన మనిషికి "మళ్లీ తీసుకుపోతాం" అనే భయం 60 రోజులూ ఉంటే అది 15తో సమానమా? పోలీసు కస్టడీ కావాలన్న ఒక్క కారణంతో బెయిలు ఆపకూడదని 480లో రాశారు. అది మన చేతిలో ఉంచుకోవాలి. స్థాయీ సంఘం కూడా ఈ సెక్షన్ మీద అనుమానాలొచ్చాయని రాసి, స్పష్టత ఇమ్మంది. సెక్షన్ మాత్రం అట్లాగే పాసైంది.

ఇది ఊహించుకుని భయపడే విషయం కాదు. 2020 జూలైలో తూర్పు గోదావరి సీతానగరం టేషన్లో ఇసుక లారీల గురించి అడిగిన దళిత కుర్రాడికి గుండు కొట్టారు. 2021 జూన్లో తెలంగాణలో అడ్డగూడూరు టేషన్‌కి దొంగతనం అనుమానంతో తీసుకెళ్లిన దళిత మహిళ ప్రాణాలతో తిరిగి రాలేదు. 2022 లెక్కల ప్రకారం దేశంలో జైళ్లలో 5,73,220 మంది ఉంటే, 4,34,302 మంది నేరం రుజువు కానివాళ్లే. వాళ్లలో అయిదో వంతు దాకా మనవాళ్లు.

ఇక ఎఫ్.ఐ.ఆర్. సంగతి. 173వ సెక్షన్ మూడో భాగం. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకి, డీఎస్పీ అనుమతితో, కేసు కట్టకముందే 14 రోజుల ప్రాథమిక విచారణ చెయ్యొచ్చు. అట్రాసిటీ చట్టంలో కులం పేరుతో దూషిస్తే పడే శిక్ష అయిదేళ్ల దాకా. అంటే ఈ లెక్కలోకే వస్తుంది. కానీ అట్రాసిటీ చట్టానికి 2018లో 18-ఎ సెక్షన్ పెట్టారు: ఎఫ్.ఐ.ఆర్. కట్టడానికి ప్రాథమిక విచారణ అక్కర్లేదని. అది ప్రత్యేక చట్టం, అదే చెల్లాలి.

కాయితం మీద చెల్లుతుంది. నా దగ్గర చదువుకున్న పిల్లాడొకడు పోయినేడు వచ్చాడు. టీ బంకు దగ్గర బల్ల మీద కూర్చున్నందుకు కులం పేరు పెట్టి తిట్టి, తోసేశారు. టేషన్‌కెళ్తే రైటరు చెప్పాడట: "కొత్త చట్టం వచ్చింది, 14 రోజులు విచారణ చేసి అప్పుడు చూస్తాం" అని. 14 రోజులంటే పల్లెలో ఎంతో తెలుసా? ఆరో రోజుకే పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్ల నాయన మా ఇంటికొచ్చి, "మాస్టారూ, మిరప కోతలకి పిలవమంటున్నారు, వదిలేద్దామండీ" అన్నాడు. ఆయన్ని నేనేమనగలను? నాకు ఒకటో తారీకు జీతం వస్తుంది, ఆయనకి రాదు. అయినా పిల్లాడు నిలబడ్డాడు. 18-ఎ కాయితం, డ్యూటీ చెయ్యని అధికారికి శిక్షపడే 4వ సెక్షన్ కాయితం పట్టుకుని డీఎస్పీ దగ్గరికెళ్లాం. ఆయన చదివాడు. తొమ్మిదో రోజున కేసు కట్టారు. అప్పటికి సాక్షులు ఇద్దరు వెనక్కి తగ్గారు. ఆ 173లో "అట్రాసిటీ కేసులకి ఇది వర్తించదు" అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఆ ఇద్దరు సాక్షులూ మిగిలేవాళ్లు. పార్లమెంటులో ఆ ఒక్క ముక్క ఎవరూ పెట్టించలేదు. దాని ఖరీదు ఆ పిల్లాడు కడుతున్నాడు.

న్యాయంగా ఇంకో వైపూ చెప్పాలి. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు ఇదే సెక్షన్ని తీసుకుని, మాట్లాడినందుకూ కవిత చదివినందుకూ కేసు కట్టబోయే ముందు ఈ విచారణ చెయ్యడం మంచిదంది. నిజమే. రాసినవాణ్ణి కాపాడే సెక్షనే, తిట్లు తిన్నవాణ్ణి ముంచుతోంది. ఎవరికి వర్తించాలి, ఎవరికి వర్తించకూడదు అని కూర్చుని విడదీయడమే పార్లమెంటు పని. ఆ పని మానేస్తే, విడదీసే అధికారం టేషన్లో రైటరు చేతికి పోతుంది.

"మాస్టారూ, 2018లో మన అట్రాసిటీ చట్టం సవరణ కూడా రోజుల్లోనే పాస్ చేశారు గదా, అప్పుడు చప్పట్లు కొట్టామే" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నీరుగార్చింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు పోయిన కోరల్ని తిరిగి పెట్టింది. కొత్త అధికారం ఇవ్వడం వేరు, లాక్కున్న రక్షణ తిరిగివ్వడం వేరు. ఇంకా చెబుతా. అదే చట్టానికి 2014లో పెద్ద సవరణ బిల్లు పెడితే స్థాయీ సంఘానికి వెళ్లింది, నివేదిక వచ్చింది, 2015 ఆగస్టులో లోక్‌సభ, డిసెంబర్లో రాజ్యసభ, 2016 జనవరి 26 నుంచి అమలు. గుండు గీయడం, మీసం తీయించడం నేరాలుగా అందులోకి వచ్చాయి. సీతానగరం లాంటి చోట పట్టుకోవడానికి ఒక సెక్షన్ ఉందంటే, ఆ చదువు వల్లే. ఆలస్యమైనా మనకి నష్టం కాలేదు, బలమొచ్చింది.

పార్లమెంటులో అడగకపోతే ఎక్కడ అడుగుతారో లారీ డ్రైవర్లు చూపించారు. 106వ సెక్షన్ రెండో భాగం: గుద్ది చెప్పకుండా పోతే పదేళ్లు. ఆగితే జనం కొడతారు, ఆగకపోతే పదేళ్లు. 2024 కొత్త సంవత్సరంలో లారీలు ఆగాయి. జనవరి 2న హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు గుర్తున్నాయా? ఆ సాయంత్రానికే మాట్లాడకుండా అమలు చెయ్యమని చెప్పారు. ఫిబ్రవరి నోటిఫికేషన్లో, మూడు చట్టాలూ జూలై 1 నుంచి, ఆ ఒక్క భాగం తప్ప అని రాశారు. ఒక్క డ్రైవర్ని పిలిచి ముందే అడిగితే పోయేది గదా! లారీ అడ్డం పెట్టగలిగినవాడు సవరణ తెచ్చుకున్నాడు. మనకి లారీల్లేవు. కాయితం ఉంది, ఓటు ఉంది.

అందుకే మూడు పనులు.

ఒకటి. బొజ్జా తారకంగారు "పోలీసులు అరెస్టు చేస్తే" అని పుస్తకం రాశారు. దాన్ని పల్లె పల్లెకీ చదివి వినిపించిన రోజులున్నాయి. ఇప్పుడు అందులో సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి. పాత నంబరు, కొత్త నంబరు, మారిన సంగతి – ఈ మూడు గళ్లతో నాలుగు పేజీల కరపత్రం మనం వేసుకోవాలి. నేను రాసిస్తా. ప్లీడరు మిత్రులు దిద్దాలి. 18-ఎ, 187, 173, 480 – ఈ నాలుగూ పల్లెలో ప్రతి ఇంటర్ పిల్లాడికీ ఎక్కాల్లా రావాలి.

రెండు. రెండు తెలుగు రాష్ట్రాల్లో లోక్‌సభ సీట్లు 42. వాటిలో ఎస్సీ రిజర్వుడు ఏడు: అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు, పెద్దపల్లి, నాగర్‌కర్నూల్, వరంగల్. ఆ ఏడుగురికీ ఉత్తరాలు రాద్దాం. తిట్టడానికి కాదు. రెండు సవరణలు పెట్టమని: 173లో అట్రాసిటీ కేసులకి మినహాయింపు, సమాజ సేవలో కులాన్ని బట్టి పని ఇవ్వరాదనే మాట. పెడతారా లేదా అని జవాబు అడుగుదాం. జవాబు రాకపోతే, రాలేదని ఈ పత్రికలోనే వేద్దాం.

మూడు. బిల్లుల మీద స్థాయీ సంఘాలు ప్రజల అభిప్రాయం కోరుతూ ప్రకటనలిస్తుంటాయి. మనం చూడం. ఇకనుంచి చూద్దాం. తెలుగులో రాసి, పక్కన ఇంగ్లీషు పెట్టి పంపుదాం. పల్లె సంగతి పల్లెవాళ్లే రాయాలి. మా నాయన సంగతి ఏ నిపుణుడికీ తెలియదు.

నేను ప్రభుత్వ ఉద్యోగిని. ఇట్లా మాట్లాడితే మెమో వస్తుందేమోనని మా ఇంట్లో భయపడుతున్నారు. రాజ్యాంగ దినం నాడు 22వ అధికరణం గురించి మాట్లాడాను, అది పాఠం చెప్పడమే. నా ఉద్యోగం అదే.

మా నాయన పోయి ఆరేళ్లయింది. ఆ బస్టాండు సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు. నేను డిగ్రీ పాసైన రోజు మాత్రం ఒక మాటన్నాడు: "ఇప్పుడు వాళ్లు రాసింది నువ్వు చదవగలవు గదరా?" అని.

చదవగలను నాయనా. చదువుతున్నాం.

జైభీమ్.